ఎర్ర మూత డబ్బాలోని మ్యాగ్నెట్లు

ఎన్నో ఏళ్లుగా ఒక మాట నాలో ఉంది. బయటికి రాదు, లోపల అరగదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియాల్సిన పని లేదు. అందుకే మీతో చెప్పడం కొంచెం సులువనిపిస్తోంది. తెలిసిన వాళ్లకు చెప్పబోయి చాలాసార్లు ఆగిపోయాను.

నేను ఒక అమ్మాయి బతుకు చెడగొట్టాను. మొదట నిర్లక్ష్యంతో. తర్వాత తెలిసి, కావాలని. మొదటిదాన్ని నేను ఎలాగో సర్దుకున్నాను. రెండోదే నన్ను వదలడం లేదు.

నా రాత చూసి నవ్వుకోవద్దు. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. పెద్ద మాటలు రావు. వచ్చిన వాటితోనే రాస్తున్నాను. ఎక్కడైనా తిప్పి తిప్పి చెప్తే, అది చదువు తక్కువై కాదు, భయం ఇంకా పోక.

మాది మొయినాబాద్ దగ్గర, కనకమామిడి వైపు. మాకు కొంచెం చెలక, వాన మీద పండే భూమి, ఉండేది. నా మొగుడు బతికుండగానే అమ్మేశాడు. ఇప్పుడు అక్కడ ఎత్తైన గోడ, పెద్ద గేటు, లోపల పట్నం వాళ్ల ఫామ్‌హౌస్. ఆ గేటు లోపలే కొన్నాళ్లు గడ్డి పీకాను, గిన్నెలు తోమాను. నా చెలకలో నేనే కూలి. దాని గురించి ఏడవడానికి ఇది రాయడం లేదు. అక్కడి నుంచి బయటపడి అజీజ్‌నగర్ అవతల ఒక పరిశోధన ల్యాబ్‌లో పని దొరికినప్పుడు నాకెంత గర్వమనిపించిందో మీకు తెలియాలి. అది తెలియకపోతే తర్వాత నేను చేసింది అర్థం కాదు.

నా పని గాజు సామాను కడగడం. ఫ్లాస్కులు, బీకర్లు, సన్నటి గొట్టాలు. నాకూ ఒక తెల్ల కోటు ఇచ్చారు. బస్సు దిగి లోపలికి పోయి ఆ కోటు వేసుకుంటే నేను ఇంకో మనిషిని. అక్కడ నన్ను ఎవరూ ఒసేయ్, ఏమే అని పిలవలేదు. అవ్వా అనేవాళ్లు.

అక్కడ పరిశోధన చేసే పిల్లల్లో ఒక అమ్మాయి చేవెళ్ల నుంచి వచ్చేది. పేరు రాయను. చేవెళ్ల అమ్మాయి అనే అంటాను. వాళ్ల నాన్నకు అక్కడ కిరాణా దుకాణం ఉంది. సేటు బిడ్డ. డాక్టరేట్ కోసం చదువుతోంది. దుకాణంలో కూర్చోమని ఇంట్లో పోరు పెడుతుంటే తప్పించుకుని వస్తున్నానని నవ్వుతూ చెప్పేది. ఆ నవ్వు వెనక ఎంత పట్టుదల ఉందో నాకు తర్వాత తెలిసింది.

వాళ్లు చేసే పని ఏమిటో నాకు చెప్పింది కూడా ఆమే. ఒకరోజు మధ్యాహ్నం అన్నం తిన్నాక నేను అడిగాను, పొద్దస్తమానం ఈ గాజు కుండల్లో ఏం తిప్పుతున్నారని.

"అవ్వా, మీ ఊర్ల భూములెట్ల అమ్ముడువోతయ్?" అంది.

"ఎట్లంటే? బ్రోకర్ వస్తడు."

"బ్రోకర్ లేకుంటే?"

"అమ్మేటోడు ఈడ, కొనేటోడు పట్నంల. ఒకని మొకం ఒకడు సూడడు."

"గంతే. ఈ ఫ్లాస్కుల రెండు సరుకులున్నయ్. పక్కపక్కనే ఉంటయ్ గని కలువయ్. పలాడియం అని ఒక లోహం ఉన్నది. జరంత ఏస్తే రెండింటిని కలిపి, తను పక్కకు జరుగుతది. దాన్నే క్యాటలిస్ట్ అంటం."

"కమీషన్ తీసుకోదా?"

"తీసుకోదు."

"అయితే మా ఊరి బ్రోకర్ కాదు."

ఆమె నీళ్లు తాగుతూ నవ్వితే పొలమారింది. అప్పటి నుంచి పలాడియం డబ్బాను చూసినప్పుడల్లా "నీ బ్రోకర్ అవ్వా" అనేది.

మిగతా పిల్లలంతా లోహాలతో చేసేవాళ్లు. ఈమె ఒక్కతే లోహం లేకుండా చేయాలని కూర్చుంది. బోరాన్ అనే దానితో తయారు చేసిన మందు ఒకటి వేసి, ఆ రెండు సరుకులనూ అతికించాలని. లోహం బంగారం లెక్క పిరం అనేది. ఇలా కలిపిన సరుకుతోనే మందు గోలీలు చేస్తారట, వాటిలో ఆ లోహం ఏమాత్రం మిగిలినా మంచిది కాదనేది. లోహం లేకుండా అయిందంటే అది పెద్ద సంగతి అవ్వా, అనేది. నెలల తరబడి చేసింది. ఏమీ కాలేదు. ఫ్లాస్కులో వేసింది వేసినట్టే తిరిగి వచ్చేది. నేను ఆ ఫ్లాస్కు కడుగుతుంటే వెనక నిలబడి చూస్తూ ఉండేది.

నాకు అక్షరాలు మొదలుపెట్టింది కూడా ఆమే. వాళ్లు పనిచేసే చోట గాలి లాగే అల్మారా ఉంటుంది, ముందు అద్దం తలుపుతో. ఆ అద్దం మీద మార్కర్‌తో అక్షరాలు రాసి దిద్దించేది. దిద్దాక అసిటోన్‌తో తుడిచేది. అలా నాకు సగం అక్షరాలు వచ్చాయి. మిగతా సగం ఆమె ల్యాబ్ వదిలి వెళ్లాక బస్సు బోర్డులు చూసి, మనవరాలి పుస్తకాలు చూసి నేర్చుకున్నాను.

ఇక మ్యాగ్నెట్ల సంగతి.

ఫ్లాస్కులో సరుకు తిరుగుతూ ఉండటానికి అడుగున ఒక చిన్న తెల్లటి పుల్ల వేస్తారు. గోలీ అంత ఉంటుంది. లోపల అయస్కాంతం, పైన తెల్ల ప్లాస్టిక్ లాంటి తొడుగు. మేం మ్యాగ్నెట్లు అనేవాళ్లం. వాడిన మ్యాగ్నెట్ల తొడుగు మీద సన్నటి గీతలు పడతాయి. ఆ గీతల్లో లోహం పట్టుకుంటుంది. సబ్బుతో పోదు. రెండు రకాల యాసిడ్ కలిపి అందులో నానబెట్టాలి. ఆ యాసిడ్ నుంచి పసుపు రంగు పొగ వస్తుంది. గొంతు పట్టేస్తుంది. నాకు ఆ పని అంటే విసుగు.

అందుకని లోహం వాళ్ల మ్యాగ్నెట్లకు ఒక డబ్బా, ఈమె మ్యాగ్నెట్లకు ఒక డబ్బా. నాకు చదువు రాదని ఆమే ఎర్ర మూత, నీలి మూత పెట్టింది. ఎర్రది లోహానిది. నీలిది తనది. "తెల్లగ కనవడ్తదని నమ్మకు అవ్వా, గీతలల్ల దాసుకుంటది" అని చేతిలో పట్టుకుని చూపించింది కూడా. కాబట్టి చదువు రాని మనిషి, పాపం పొరపాటు పడింది అని మీరు అనుకోవద్దు. రంగులు నాకు తెలుసు. చెప్పిన మాట అర్థమైంది.

మరి ఎందుకు చేశాను?

ఒకరోజు నీలి డబ్బా మ్యాగ్నెట్లు కడుగుతుంటే కొన్ని చేతిలోంచి జారి సింకు రంధ్రంలో పడిపోయాయి. చిన్నవి, నురగలో కనబడలేదు. స్టోర్ చూసే ఆయన నోరు మంచిది కాదు. కొత్తవి కావాలంటే పోయినవి ఏమయ్యాయని నలుగురిలో నిలబెట్టి అడిగేవాడు. నాకు అది ఇష్టం లేదు. ఎర్ర డబ్బా నిండుగా ఉంది. అందులోంచి బాగా తెల్లగా ఉన్నవి ఏరి, సబ్బుతో రెండుసార్లు రుద్ది, నీలి డబ్బాలో వేశాను. ఆ వారం ఎర్ర డబ్బాకు యాసిడ్ కూడా పెట్టలేదు. పొగ పడక, రేపు పెడదామని వదిలేశాను.

జీవితమంతా నేను ఇల్లు నడిపింది అలాగే. ఒక డబ్బాలో ఉప్పు తగ్గితే ఇంకో డబ్బాలోంచి పోయడం. ఒకరి దుప్పటి ఇంకొకరికి కప్పడం. లేమి కనబడకుండా సర్దడమే ఇల్లాలి తెలివి అనుకునేదాన్ని. ఆ తెలివినే తీసుకుపోయి ల్యాబ్‌లో వాడాను.

ఆ తర్వాత కొన్ని రోజులకు ఆమె పరుగెత్తుకుంటూ వచ్చి నన్ను పట్టుకుని ఊపేసింది. "అయింది అవ్వా, అయింది! బ్రోకర్ లేకుంటనే కలిసినయ్!" నా చేతులు సబ్బుతో ఉన్నాయి. ఆమె కోటంతా తడిసింది. ఆ రోజు మొయినాబాద్ నుంచి వేడి మిర్చీలు తెప్పించి అందరికీ పంచింది. అందరికంటే ముందు నాకు పెట్టింది. నేను తిన్నాను. సంతోషంగా తిన్నాను. మ్యాగ్నెట్లు నాకు గుర్తే లేవు.

మళ్లీ చేసింది. మళ్లీ అయింది. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ. ఎందుకు హెచ్చుతగ్గులు వస్తున్నాయో తెలియక తల పట్టుకునేది. ఇప్పుడు నాకు తెలుసు. ఏ మ్యాగ్నెట్ చేతికి వస్తే అంత. ల్యాబ్ పెద్ద సారు ఎక్కడికో పోయి దాని గురించి మాట్లాడి వచ్చాడు. సైన్సు పత్రికలో రాశారు. అందులో ఆమె పేరు మొదట ఉందని నాకు చూపించింది. నేను ఆ అక్షరాలను వేలితో ముట్టుకున్నాను.

తర్వాత వేరే ఊళ్ల వాళ్లు అదే పని చేసి చూశారు. కాలేదు. సారుకు ఉత్తరాల మీద ఉత్తరాలు వచ్చాయి. సారు ఆమెను పిలిచి తన ముందే చేయమన్నాడు. అన్నీ కొత్త సామాను, కొత్త ప్యాకెట్ విప్పిన మ్యాగ్నెట్లు. కాలేదు. పాత సరుకును పరీక్షకు పంపితే అందులో పలాడియం జాడ కనిపించిందట. అంటే ఎవరో లోహం వేశారు. ఎవరు వేస్తారు? ఎవరికి లాభం? అందరూ ఆమె వైపు చూశారు.

ఆమె ఆలోచించి ఒకటే మాట అంది. "సార్, నా పాత మ్యాగ్నెట్ల మీద ఉన్నదేమో. వాటితోటి ఒకసారి చేసి చూద్దాం." సారు సరే, రేపు పొద్దున అందరి ముందు చేద్దాం అన్నాడు.

నేను మూలన నిలబడి ఫ్లాస్కులు తుడుస్తున్నాను. అప్పుడు తెలిసింది నాకు. గుండె ఆగినట్టయింది అంటారు కదా, అలా ఏమీ కాలేదు. చేతిలో గుడ్డ ఆడుతూనే ఉంది. ఏదో లెక్క తేలినట్టు, చల్లగా, అంతా అర్థమైంది.

అప్పుడు నోరు తెరిచి ఉంటే అయిపోయేది. తిట్లు పడేవి. బహుశా పని పోయేది. అంతే కదా? ఎన్నిసార్లు ఈ మాట నన్ను నేను అడిగానో. మళ్లీ ఆ గేటు లోపలికి, నా చెలకలోకి గడ్డి పీకడానికి పోవాల్సి వస్తుందని భయపడ్డానా, లేక నన్ను అవ్వా అని పిలిచే నోళ్లు ఇంకోలా పిలుస్తాయని భయపడ్డానా, లేక ఆమె నా వైపు చూసే చూపు మారుతుందనా, ఇన్నేళ్లు తవ్వినా నాకు తేలలేదు. భయం ఒకటే అని మాత్రం తెలుసు. దానికి ఏ పేరు పెట్టినా నాకు సాయం చేయదు.

ఆ సాయంత్రం అందరూ పోయేదాకా ఆగాను. నా బస్సు పోనిచ్చాను. నీలి డబ్బాలో ఉన్న మ్యాగ్నెట్లన్నీ తీసి యాసిడ్‌లో వేశాను. పొగ వచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడ్డాను. నానబెట్టి, కడిగి, మళ్లీ నానబెట్టి, ఆరబెట్టి, డబ్బాలో సర్ది మూత పెట్టాను. నా ఉద్యోగంలో అంత శుభ్రంగా ఏ రోజూ కడగలేదు.

మర్నాడు ఆ మ్యాగ్నెట్లతో చేశారు. ఏమీ కాలేదు.

సారు నన్ను లోపలికి పిలిచాడు. బల్ల అవతల ఇంకా ఇద్దరు పెద్దవాళ్లు కూర్చున్నారు. ఆమె పక్కన నిలబడి ఉంది. ఆ మాటలు నాకు ఒక్క ముక్క కూడా మరుపు రాలేదు.

"అవ్వా, భయపడకండి. నిజం చెప్పండి చాలు. రెండు డబ్బాలూ ఎప్పుడైనా కలిశాయా?" అన్నాడు సారు.

"లేదు సారూ. వేరేగనే పెట్టిన."

"ఒక్కసారి కూడా? పొరపాటున?"

నేను జవాబు చెప్పేలోపే ఆమె అంది. "అవ్వ అట్ల చెయ్యదు సార్. నా చేతులకన్న అవ్వ చేతులే నాకు నమ్మకం."

సారు నా వైపే చూస్తున్నాడు.

"కలపలే సారూ," అన్నాను.

బల్ల అవతల కూర్చున్న ఒకాయన పెన్ను మూసేసి, "మరి ఇంకెవరు కలిపినట్టు?" అన్నాడు. నన్ను కాదు అడిగింది.

నన్ను పొమ్మన్నారు. తలుపు దాటుతుంటే ఆమె నా భుజం మీద చెయ్యేసి మెల్లగా, "నువ్వు ఫికర్ చెయ్యకు అవ్వా," అంది. నాకు ధైర్యం చెప్పింది. నాకు!

సైన్సు పత్రికలో రాసింది వెనక్కి తీసుకున్నారు. ఆమె కావాలనే లోహం వేసి, లేదని రాసిందని తేల్చారు. ఆమె డాక్టరేట్ ఆగిపోయింది. ఒక నెల లోపే సామాను సర్దుకుని వెళ్లిపోయింది. పోయే రోజు నాకు ఒక మార్కర్ పెన్ను ఇచ్చి, మిగతా అక్షరాలు వదిలిపెట్టొద్దని చెప్పింది. నేను ఆ ల్యాబ్‌లో ఇంకా చాలా ఏళ్లు పనిచేశాను. నమ్మకమైన మనిషినని పేరు తెచ్చుకున్నాను. ఇప్పుడు ఆ ల్యాబ్ అక్కడ లేదు. పెద్ద సారు ఎటు పోయాడో తెలియదు.

ఒక్కోసారి ఇంకొకటి అనిపిస్తుంది. ఆమె బోరాన్ మందు అసలు పనిచేసేదేనా? ఇంకొన్ని నెలలు చేస్తే దారి దొరికేదేమో. దొరకకపోయేదేమో. అది కూడా తేలకుండా చేశాను నేను. దొంగ గెలుపు చూపించి, ఆమె వెతకడం ఆపేలా చేశాను. మనిషిని ఓడించడం ఒకటి. ఓడిందో గెలిచిందో తెలియకుండా చేయడం ఇంకా నీచం కాదా?

మొన్న వానాకాలంలో చేవెళ్ల పోయాను, ఆలూరులో బంధువుల ఇంటికి పోతూ. కాళ్లు వాళ్ల దుకాణం వైపే తీసుకుపోయాయి. చెప్పేద్దామనే పోయాను. ఇది నిజం, నమ్మండి. ఆమె కౌంటర్ వెనక కూర్చుని ఉంది. కొంచెం లావయింది. వాళ్ల నాన్న బస్తాల దగ్గర నుంచి, "డాక్టరమ్మా, జర ఆ కందిపప్పు తూకం సూడు. ఈడ బోరాన్ అమ్మం మనం," అని కేకేశాడు. గిరాకీలు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అలవాటైన నవ్వు.

నన్ను చూసి లేచి వచ్చింది. "అవ్వా! ఎట్లున్నవ్? ఎంత సన్నగైనవ్!" కుర్చీ వేసింది. చాయ్ తెప్పించింది. చదవడం వచ్చిందా అని అడిగింది. కౌంటర్ మీద పత్రిక ఉంటే తీసి చదివి చూపించాను. చేతులు కొట్టింది చిన్నపిల్లలా.

తర్వాత గొంతు తగ్గించింది.

"అవ్వా, ఒకటడుగుత. ఆ దినాలల్ల నేను పలాడియం డబ్బా ముట్టుకున్ననా? నీకేమన్న యాదికున్నదా?"

"ఎందుకు బిడ్డా?"

"ఎంత ఆలోచించినా తెలుస్తలేదు. నేనే యాది మరిచి కలిపిన్నేమో. నా మీద నాకే అనుమానం. ఇంట్ల ఉప్పేసినా, ఏసిన్నా లేదా అని రెండుసార్లు చూసుకుంట."

చెప్పాల్సింది అప్పుడే. ఆమె అడిగింది. నా ఎదురుగా కూర్చుని, నా ముఖంలోకి చూస్తూ అడిగింది. దుకాణంలో జనం ఉన్నారు, వాళ్ల నాన్న ఉన్నాడు, అందుకే చెప్పలేదని ఇంటికి వచ్చేదాకా నాకు నేను చెప్పుకున్నాను. జనం లేకపోయినా చెప్పేదాన్ని కాదు.

"నాకేం యాదికి లేదు బిడ్డా," అన్నాను.

ఆమె తల ఊపింది. నాకు పావుకిలో చక్కెర కట్టి ఇచ్చింది. వద్దన్నా వినలేదు.

ఇన్నాళ్లూ ఆమె నష్టపోయింది చదువనే అనుకున్నాను. పేరనుకున్నాను. అవి పోయాక కూడా మనుషులు బతుకుతారు. కానీ ఆమె తన చేతిని తాను నమ్మడం లేదు. వంటింట్లో ఉప్పు దగ్గర కూడా. అది నేను తీసుకున్నాను. అది చూశాక మళ్లీ ఒకసారి బస్సెక్కాను. చేవెళ్లలో దిగి, దుకాణం కనబడేదాకా నడిచి, వెనక్కి తిరిగి వచ్చాను. ముసలిదాన్నయ్యాను. ధైర్యం వయసుతో వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి.

నోటితో రాదని తెలిసింది కాబట్టి రాస్తున్నాను. ఈ పత్రికకే ఎందుకంటే, ఆ రోజు వాళ్ల కౌంటర్ మీద ఉన్నది ఇదే. ఆమె చదవొచ్చు. లేదా చదవకుండా ఇందులోనే ఎవరికో బెల్లం పొట్లం కట్టి ఇవ్వొచ్చు. చదివితే నన్ను ఏమనుకుంటుందో ఊహించాలని చూస్తాను, ముఖం కనబడదు. క్షమించమని అడగడం లేదు. అడిగితే ఆమె క్షమిస్తుందేమో. అలాంటి మనిషే. అందుకే అడగను. ఆమె దగ్గర నేను తీసుకున్నవి చాలు.

నాకు కావాల్సింది ఇది ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండటం. ఆమె ఏమీ కలపలేదు. ఆమె అబద్ధం రాయలేదు. తన కళ్ల ముందు జరిగిందే రాసింది. లోహం మ్యాగ్నెట్ల మీద ఉంది. వాటిని ఆ డబ్బాలో వేసింది నేను. వెతికే ముందు రోజు కడిగేసింది నేను. అడిగితే లేదన్నది నేను. మళ్లీ దుకాణంలో ఆమే అడిగితే, మళ్లీ లేదన్నది నేను.

ఇంతే. ఈ నాలుగు ముక్కలు రాయడానికి వారం పట్టింది. వేళ్లు నొప్పి పుడుతున్నాయి. చెప్పాల్సింది ఇక లోపల ఏమీ మిగల్లేదు.